గోడ మీద లేని ముద్ర

ఓపల్ పశువులమ్మి కట్టిన స్టేక్‌హౌస్, అంటే మాంసం కాల్చి పెట్టే హోటల్, గోడ మీద ఓపల్ ముద్ర లేదు. ఆమె మొగుడు ఎమెట్‌కి సొంత అన్న, ఆ హోటల్ మీద పెత్తనం చేసే లేలాండే వేయనివ్వలేదు.

మందలున్నవాళ్లు పశువులకు వేసే ముద్రనే ఎర్రగా కాల్చి ఆ చెక్క గోడ మీదా వేసేవాళ్లు. ముద్ర పడినవాడు అక్కడ సొంతింటివాడి కింద లెక్క. లేలాండ్ షరతు ఒక్కటే: మేసే పశువు ఉన్నవాడే వేయాలి. ఓపల్ పుట్టింటి మందనంతా అమ్మి గోడలు లేపింది, నిప్పుల గుండం కట్టించింది, చేతులు బొబ్బలెక్కేదాకా మాంసం కాల్చింది. ఊరు మాత్రం లేలాండ్ స్టేక్ అంటూ లొట్టలేసింది.

"నీకు పశువేదమ్మా?" అని లేలాండ్ నవ్వేవాడు. ఓపల్ కూడా నవ్వేది. ఎమెట్‌కి నవ్వు రాలేదు.

ఇప్పుడు లేలాండ్ లేడు, ఓపల్ లేదు. లేలాండ్ కొడుకు డ్వేన్ రేపు గోడంతా కప్పేలా అద్దాలు బిగిస్తున్నాడు. ఆ తర్వాత కొత్త ముద్ర పడదు.

అందుకే ఎమెట్ పశువుల వేలంలో ఒక దూడను కొని, దాని తొంటి మీద గంట బొమ్మ ఉన్న ఓపల్ ముద్ర వేశాడు. సాయంత్రం ట్రక్కు వెనక బండిలో ఎక్కించుకుని బయల్దేరాడు. దారంతా దూడ చప్పుడు వినబడనప్పుడల్లా ఆగి చూశాడు. ఒక్క దూడను మంద కింద ఒప్పుకోకపోతే? అద్దాలు ఇవాళే బిగించేసి ఉంటే?

అద్దాలు గుమ్మం పక్కన చేరేసి ఉన్నాయి. ఎమెట్ ఊపిరి పీల్చుకున్నాడు.

"ఏం ఎమెట్, నీ స్టేక్ నువ్వే తోలుకొచ్చుకున్నావా?" అంది వడ్డించే మార్లిస్, కిటికీలోంచి దూడను చూసి.

"వేళాకోళం చాలు. డ్వేన్ ఏడీ?"

డ్వేన్ గుండం దగ్గరున్నాడు. ఎమెట్ ముద్ర చువ్వను నిప్పుల్లోకి తోశాడు.

"ఒరే, దూడ బయటుంది. మీ పిన్ని ముద్రే వేశాను. వచ్చి చూసుకో."

"దూడెందుకు బాబాయ్?"

"మీ నాన్న షరతు."

"అదెప్పుడో పోయింది. టైర్ల కొట్టాయన వేశాడు, పళ్ల డాక్టరు వేశాడు. వాళ్లకేం మందలున్నాయి?"

"ఎప్పుడు పోయింది?"

"నాన్న ఉండగానే. అప్పటికి పిన్ని కూడా ఉంది." డ్వేన్ మాంసం తిరగేశాడు. "మరుగుదొడ్డి తలుపు పక్కన కాస్త చోటుంది. అక్కడ వేసుకో."

ఎమెట్ చువ్వ బయటికి తీశాడు. మరుగుదొడ్డి వైపు వెళ్లలేదు. గుమ్మం పైన లేలాండ్ నిచ్చెన ముద్ర ఉంది. కుర్చీ లాక్కుని ఎక్కి, సరిగ్గా దాని మీదే గంటను అదిమాడు. పొగ లేచింది. తింటున్నవాళ్ల కత్తులు ఆగిపోయాయి.

"దిగు ఎమెట్," అంది మార్లిస్ గొంతు తగ్గించి. "ఒకరి ముద్ర మీద ఇంకొకరిది వేయడం పశువుల దొంగల పని. నీకు తెలీదా?"

"తెలుసు. మా అన్నకీ తెలుసు."

చువ్వను నీళ్ల బకెట్లో ముంచి, దూడను తీసుకుని ఇంటికెళ్లిపోయాడు.

మర్నాడు డ్వేన్ అతని దొడ్డి కంచె దగ్గరికొచ్చాడు. "ఎందుకలా చేశావ్ బాబాయ్? ఊరంతా అడుగుతోంది. ఏం చెప్పను?"

ఎమెట్ దూడకు గడ్డి వేస్తున్నాడు. తలెత్తలేదు.

"అడగొద్దు. ఈ జన్మకి ఆ గోడ మాట ఇక ఎత్తను."