అధ్యక్షులవారి మెత్తనీళ్ళు

ఆ అపార్టుమెంటులో అధ్యక్షుడి మాటకి ఎదురులేదు, ఒక్క ఆయన వంటింట్లో తప్ప. సెల్లార్‌లో నీళ్ళని మెత్తబరిచే యంత్రం ఉంది. అందులోని రెజిన్ పూసలు నీళ్ళలోని సున్నాన్ని పట్టుకుని, బదులుగా కాస్త సోడియం వదులుతాయి. పూసలు సున్నంతో నిండిపోతే చిక్కటి ఉప్పునీళ్ళతో కడగాలి. ఆ ఉప్పంతా పోయేదాకా జాడించి, అప్పుడు ఇళ్ళకి వదలాలి.

"నీళ్ళు బాగుచెయ్యడానికి ఉప్పేంటయ్యా? బురదని బురదతో కడుగుతామా?" అని అధ్యక్షుడు ఉప్పు మాన్పించాడు. అందరూ చప్పట్లు కొట్టారు. కార్లు పెట్టుకునే చోట్లు పంచేది ఆయనే మరి!

నెల తిరక్కుండా సబ్బు నురగ కట్టడం మానేసింది, బట్టలు అట్టలు కట్టాయి. పై అంతస్తు మందులషాపాయన అధ్యక్ష ఎన్నికలో పోటీకి దిగాడు. కుర్చీ పోతే ఇక తనని పలకరించే దిక్కుండదని అధ్యక్షుడికి బెంగ పట్టుకుంది. ఎన్నిక రోజున ఎవరికీ చెప్పకుండా సెల్లార్‌లోకి దిగి, యంత్రంలో బస్తా ఉప్పు గుమ్మరించాడు. ఎన్నిక సమావేశానికి వేళవుతోంది, జాడించే తీరికెక్కడిది? వాల్వు ఇళ్ళవైపు తిప్పేసి పైకొచ్చాడు.

"నీళ్ళు బాగుచేశాను, తాగి చూడండి!" అంటూ కుళాయి నీళ్ళు అందరికీ గ్లాసుల్లో పంచి, ముందు తనే గుక్కేశాడు. గొంతు భగ్గుమంది. మింగలేడు, కక్కలేడు. చివరికి మింగాడు.

"ఆహా! ఏం తియ్యదనం!" అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ.

పక్కింటాయన తాగి, ముఖం చిట్లించబోయి, కారు గుర్తొచ్చి ఆగాడు. "అమృతమండీ!" అన్నాడు. ఆ మాటే వరసగా అందరూ అన్నారు. మందులషాపాయనకీ ఓ కారుంది. "ఇంత మంచి నీళ్ళిచ్చే మనిషితో నాకు పోటీ ఏంటండీ?" అని తప్పుకున్నాడు.

"ఎలా చేశారు సార్?" అని ఎవరో అడిగారు.

"ఉప్పు పోసి నేరుగా వదలడమే. జాడించడం దండగ!"

రోజూ ఇలాగే చెయ్యాలని ఏకగ్రీవంగా తీర్మానించారు. అధ్యక్షుడికి కుర్చీ దక్కింది. లోపల సిగ్గుతో చచ్చిపోతూనే తీర్మానం మీద సంతకం పెట్టాడు.

మర్నాడు పొద్దున్నే భార్య ఆయన చేతిలో ఖాళీ డబ్బా పెట్టింది. "ఆ అమృతం మీరు తాగండి. పిల్లలకి మాత్రం బయటినుంచి మంచినీళ్ళు తెచ్చిపెట్టండి."

నిండు డబ్బాతో ఆయన మెట్లెక్కుతుంటే, వెనకే మరో నిండు డబ్బా మోసుకుంటూ మందులషాపాయన వచ్చాడు.

"మొక్కలకండీ," అన్నాడు అధ్యక్షుడు, అవతలివాడు అడక్కుండానే.

"మావీ మొక్కలకేనండీ," అన్నాడు మందులషాపాయన.