పసుపు పూసిన ఫ్రిజ్

నేను ఒక ఫ్రిజ్‌ని. ఒంటి తలుపు, ఎర్ర రంగు. నవ్వకండి, ఒకప్పుడు నన్ను చూడ్డానికి చుట్టాలొచ్చేవాళ్లు. ఎక్కడో ఫ్యాక్టరీలో రేకు వంచి, తలుపు అంచుకు అయస్కాంతపు రబ్బరు బిగించి, "దీంట్లోకి చీమ కూడా దూరదు" అని గొప్పలు చెప్పి అమ్మారు. మిగతావన్నీ అబద్ధాలే గానీ ఆ ఒక్క మాట నిజం. నా బతుకంతా ఆ రబ్బరు చుట్టూనే తిరిగింది.

మొదట నెల్లూరు దగ్గర ఒక ఊళ్లో, రొయ్యల చెరువుల ఆసామి ఇంట్లో దిగాను. నాలో పెట్టనిది లేదు. ద్రాక్షపళ్లు, కేకులు, మూడ్రోజుల కిందటి బిర్యానీ. పెట్టేవాళ్లు, మర్చిపోయేవాళ్లు, కంపు కొట్టాక నన్ను తిట్టేవాళ్లు. ఇదెక్కడి న్యాయం? తర్వాత రెండు తలుపులది వచ్చింది, మేడ మీదికి ఇంకోటి, వెనక వరండాలోకి మరోటి. నన్ను చెరువు కాడి షెడ్డుకు తోలారు. రొయ్యల మందులు మోస్తూ ఉప్పు గాలికి నా కంప్రెసర్ చచ్చింది. మెకానిక్ దాన్ని కాస్తా ఊడదీసుకుపోయాడు.

ఏటా దీపావళికి ఆసామి చెరువు కాపలా పోలయ్యకి పంచె, వాళ్లావిడకి చీర పెట్టేవాడు. ఆ ఏడు మాత్రం, "బట్టలదేముందిరా, ఫ్రిజ్ తీసుకుపో" అన్నాడు. ఆహా, ఎంత పెద్ద మనసు! పోలయ్య చేతులు జోడించి "మంచిది సామీ" అన్నాడు. ఇంకేమంటాడు?

పోలయ్యది ఊరి చివర యానాదుల కాలనీ. తాటాకు గుడిసె, ఒక్కటే బల్బు. భార్య పెంచలమ్మ నన్ను చూడగానే మొగుడి మీద ఎగిరింది.

"చీరకు బదులు ఇదా? మనకు ప్లగ్గే లేదు గదయ్యా! దీన్ని కట్టుకోనా?"

అంతలోనే నా తలుపు తీసింది, వేసింది, రబ్బరు వేలితో నొక్కి చూసింది. "ఎలక దూరదు గదా?" అంది. ఇంతలో కోపం పోయి నవ్వొచ్చేసింది. "ఎలకలు పట్టి బతికిన జాతి మాది. మా బియ్యం మాత్రం ఎలకల పాలు!"

ఆ రోజు నుంచి బియ్యం నాలోనే. కూరగాయల సొరుగులో ఆధార్లు, రేషన్ కార్డు, కుల సర్టిఫికెట్. రెండు తుఫాన్లకి గుడిసెలోకి మోకాలి లోతు నీళ్లొచ్చినా ఒక్క కాగితం చెమ్మగిల్లలేదు. కేకులు దాచిన రోజుల్లో నాకీ గర్వం లేదు, ఒట్టు.

ఆ వానాకాలమే సర్వే మొదలైంది. ఏ కులం వాళ్లకి ఎంత ఉందో లెక్క తేల్చి, లేనివాళ్లకి పక్కా ఇళ్లు ఇస్తారట. పెంచలమ్మకి కావలసింది అదొక్కటే, కారని కప్పు. సర్వే రోజు మధ్యాహ్నం పక్కింటి రవణమ్మ పరిగెత్తుకొచ్చింది.

"ఒసే పెంచలా, ఫ్రిజ్ ఉంటే ఇల్లు రాదంటనే! పైకాలనీలో ఇద్దరి పేర్లు కొట్టేశారు. మేడం మా ఇంటికాడికి వచ్చేసింది!"

పోలయ్య చెరువు మీదున్నాడు. బియ్యంతో ఉన్న నన్ను ఒక్కర్తే కదపలేదు. పెంచలమ్మ అటూ ఇటూ చూసి, పసుపు కలిపి నా ఒళ్లంతా పూసింది. బొట్లు పెట్టి, నెత్తిన వేపమండ వేసి, దీపం వెలిగించింది.

సర్వే మేడం పేరు సుమలత. ట్యాబ్ పట్టుకుని గడపలో కూర్చుంది.

"టీవీ?"

"లేదు మేడం."

"మోటార్ సైకిల్? ఫ్రిజ్?"

"లేదు మేడం."

"ఆ మూల పసుపు పూసిందేంటమ్మా?"

"అంకమ్మ తల్లి పెట్టె మేడం. ముట్టుకోకూడదు."

మేడం పాపం చేతులు జోడించింది. గండం గడిచిందనుకున్నాను. అప్పుడంది, "సరే, కార్డులన్నీ ఇవ్వండి. ఫోటో తీయాలి."

పెంచలమ్మ చూపు నా మీద పడింది. బీదదాన్నని చూపించే కాగితాలన్నీ నా పొట్టలోనే ఉన్నాయి! పసుపు పూసే కంగారులో ఆ సంగతే మర్చిపోయింది.

"ఆయన కాడున్నాయి మేడం..."

"ఇవాళే ఆఖరమ్మా. కార్డులు లేకపోతే మీ ఇల్లు లెక్కలోకి రాదు."

పెంచలమ్మ నా దగ్గరికొచ్చింది. నా రబ్బరుని బిగబట్టాను, ఒద్దే తల్లీ అని మొత్తుకున్నాను. ఎవరికి వినబడుతుంది? ఫట్‌మని తలుపు తెరుచుకుంది. బియ్యం, సొరుగు, తెల్లటి అరలు. మేడం లేచి నిలబడింది.

"ఇది ఫ్రిజ్ కదమ్మా!"

"ప్లగ్గేది మేడం? చెయ్యి పెట్టి చూడండి, చల్లగుందా?" పెంచలమ్మ తలుపు బార్లా తీసి పట్టుకుంది. "ఎలకల భయానికి పెట్టుకున్నాం మేడం, అంతే!"

మేడం నిజంగానే చెయ్యి పెట్టింది. ఉక్కగా ఉన్నాను. ఆవిడ ట్యాబ్ తిప్పి పెంచలమ్మకి చూపించింది.

"దీంట్లో 'ఉంది', 'లేదు' రెండే ఉన్నాయమ్మా. పొద్దున ఆసామి గారింట్లో మూడున్నాయి. అక్కడా 'ఉంది' అని ఒక్కసారే నొక్కాను."

కార్డుల ఫోటోలు తీసుకుని గొడుగు తెరిచింది. "గది ఫోటో మిగిలింది. నాలుగింటికి వస్తాను. అప్పటికి..." అని ఆగి, నా వైపు ఒక్కసారి చూసి వెళ్లిపోయింది.

బియ్యం, కాగితాలు బయటికి తీసేసి, కాలనీలో నలుగురు ఆడవాళ్లు నన్ను వానలో దొర్లించుకుంటూ పాత ఇనుము కొట్టుకి తెచ్చారు. పెంచలమ్మ వెళ్లేముందు నా తలుపు గట్టిగా నొక్కి వేసింది. అలవాటు. నాలుగింటికి నేను లేని మూలని ఫోటో తీశారట, 'లేదు' అని నొక్కారట. రవణమ్మ ఖాళీ సీసాలు అమ్మడానికొచ్చి చెప్పింది. జాబితా ఇంకా రాలేదు.

ఇక్కడ నన్ను రేకుల పంచన పడేశారు. రోజూ వానే. పెంచలమ్మ పనికి ఈ దారినే పోతుంది. ఆ కాగితాల్ని ప్లాస్టిక్ కవరులో చుట్టి, రొమ్ముకి అదుముకుని, కొంగు కప్పుకుని నడుస్తుంది. గుడిసెలో పెట్టడానికి పొడి జాగా లేదు. ఒక్కోసారి ఆగి నన్ను చూస్తుంది. నా ఒంటిమీద పసుపు ఇంకా పోలేదు. రబ్బరు గట్టిగానే ఉంది. నా లోపల ఒక్క చుక్క తడి లేదు, ఒక్క గింజా లేదు.