తొమ్మిది సెకన్లు

ప్రేమ్‌రాజ్ సేఠ్ చేసిన పని విన్నప్పటి నుంచీ నా ఒళ్లు మండిపోతోంది. చెరువులో షికారు బోటు ఆయనది. దాన్ని ఆరేళ్లుగా నడుపుతున్నది మా గల్లీ సామ్యూల్. దాని ఇంజిన్ బాగోగులు చూసేది ఛత్రినాకలో బండ్ల షెడ్డు పెట్టుకున్న నేను, రవీందర్‌ని. బోనాల ఆదివారం నాడు బోటు చెరువు మధ్యలో ఆగిపోయింది. అలారం మోగినా పట్టించుకోకుండా తోలి ఇంజిన్ చెడగొట్టాడని సేఠ్ సామ్యూల్ దగ్గర తాళంచెవి గుంజుకుని, రేపటి నుంచి రావద్దన్నాడు.

ఆరేళ్లలో ఆ బోటు మీద ఒక్క గీత పడనివ్వని మనిషి వాడు. అంత మాట అంటే ఎదురు చెప్పొద్దా? మూడు రోజులుగా వాడు నోరు విప్పలేదు. అది చూసి నాకు ఇంకా రేగింది. వాడి ఇంటికి పోయి వాడిమీదే అరిచి వచ్చాను.

నా దగ్గర సాక్ష్యం ఉంది. పాత ముళ్ల మీటర్లు చెడిపోతే, రెండు నెలల కింద నేనే వీడియోలు చూసి, వారం రోజులు తంటాలు పడి, ఇంజిన్ కంప్యూటర్ నుంచి వైరు లాగి డిజిటల్ మీటర్ బిగించాను. ఇంజిన్ వేడి, దాన్ని చల్లబరిచే నీళ్ల ఒత్తిడి, అలారం, అన్నీ సెకను సెకనుకూ అందులో రికార్డవుతాయి. కంపెనీవాళ్లు చేసే పని నీకెందుకని అప్పుడు సేఠ్ నవ్వాడు. ఆ నవ్వు ఆయనకే తిప్పి ఇద్దామని బుధవారం ఇంజిన్‌ను మీటర్‌తో సహా షెడ్డుకు తెప్పించాను. సామ్యూల్‌ను పక్కన కూర్చోబెట్టుకుని, మీటర్‌కు ఫోన్ కలిపాను. సేఠ్‌ను నాలుగింటికి రమ్మన్నాను.

ఆదివారం, పదకొండు నలభై రెండు. నీళ్ల ఒత్తిడి ఉన్నట్టుండి సున్నాకు పడింది. అలారం మోగింది. తొమ్మిదో సెకనుకల్లా సామ్యూల్ ఇంజిన్ ఆపేశాడు. నేనైతే ఆ మోత ఎక్కణ్ణుంచి వస్తోందా అని ఇంకా వెతుక్కుంటూ ఉండేవాణ్ణి.

"చూసినవారా? సేఠ్ మొకం మీద కొడ్త ఇది," అన్నాను.

నీళ్లు ఎందుకు ఆగాయో కూడా తేల్చేద్దామని ఇంజిన్ కాలు విప్పాను. నీళ్లలో మునిగి ఉండే కిందిభాగాన్ని మేము కాలు అంటాము. చెరువు నీళ్లు పీల్చుకునే జాలీ అక్కడే ఉంటుంది. దాని నిండా వేపాకులు ఇరుక్కుని ఉన్నాయి. లోపల పంపు రబ్బరు కాలి ముక్కలైంది. ఆ ముక్కలకు పసుపు దారం చుట్టుకుని ఉంది.

ఆ దారం నేను కట్టిందే. ఆదివారం పొద్దున ఒడ్డున ఇంజిన్ నీళ్లలోంచి పైకెత్తి ఉన్నప్పుడు, షెడ్డులో బండ్లకు కట్టినట్టే దాని కాలికి వేపమండ కట్టి బొట్టు పెట్టాను. కిందికి దించితే అది సరిగ్గా జాలీ దగ్గర మునుగుతుందన్న ఆలోచన నాకు రాలేదు. సామ్యూల్‌కు వచ్చింది. బోటు ముందర కట్టరాదా అన్నా అని మెల్లగా అడిగాడు. అమ్మవారి సంగతి నువ్వు నాకు నేర్పుతావా అని పదిమంది ముందు వాడిమీద విరుచుకుపడ్డాను.

సిగ్గుతో చచ్చిపోయాను. అయినా నా బుద్ధి ఎక్కడికి పోతుంది? ఇన్ని రోజులు ఎందుకు చెప్పలేదని మళ్లీ వాడినే గద్దించాను.

"నీకు చెప్తేనే గట్ల లేస్తివి," అన్నాడు వాడు. "ఇగ సేఠ్‌కు ఏమని చెప్పాలె? వేపమండతోని ఇంజిన్ పోయిందని నేనంటే బస్తీల లొల్లి గాదా అన్నా?"



నాలుగింటికి సేఠ్ వచ్చాడు. మీటర్ చూశాడు, ఆకులు, పసుపు దారం చూశాడు. గొంతు తగ్గించి, పండగ సంగతి బయట పెట్టవద్దని, డ్రైవర్ చూసుకోలేదనుకుంటే అందరికీ మంచిదని, కొత్త మనిషిని మాట్లాడుకున్నానని చెప్పాడు.

నేను సగం దించి ఉన్న షట్టర్‌ను పూర్తిగా పైకెత్తాను. ఎదురుగా టీ కొట్టు దగ్గర ఆదివారం నాడు నా అరుపులు విన్నవాళ్లు నలుగురైదుగురు ఉన్నారు. వాళ్లందరికీ వినబడేలా అన్నాను.

"మండ కట్టింది నేను. గాడ వద్దన్నది సామ్యూల్. నేను ఇనలే. తొమ్మిది సెకన్లల్ల ఇంజిన్ ఆపి నీ బోటు కాపాడిండు. ఆయన తాళంచెవి ఆయనకియ్యి సేఠ్. లేకుంటే నేను గీ ఇంజిన్ ముట్ట."

సేఠ్ జేబులోంచి తాళంచెవి తీసి బల్ల మీద పెట్టాడు. సామ్యూల్ దాన్ని వెంటనే అందుకోలేదు. ముందు జాలీలోంచి ఆకులన్నీ ఒక్కొక్కటీ ఏరి, కింద పడకుండా కాగితంలో పెట్టి, నా చేతికి ఇచ్చాడు.

"ఏడ ఏస్తరో నాకు తెల్వదన్నా," అన్నాడు. "నువ్వే చెప్పాలె."