ఎవరూ వేయని కూత

ఇంజనుకు దాహమేసింది కాబట్టి ఆ ఊరు పుట్టింది. అంతకుముందు అక్కడ గాలి తప్ప మరేమీ ఆగేది కాదు. దొరలొచ్చి బావి తవ్వించారు, నీళ్ళ ట్యాంకు నిలబెట్టారు, రెండు లైన్లు కలిపారు. డ్రైవర్లకు అచ్చు గుద్దినట్టు ఒకేలాంటి ఇళ్ళు వరసగా కట్టించి, తాము మాత్రం పొగ తగలని వైపు కాపురం పెట్టారు. తరవాత దొరలు పోయారు. పొగ ఉండిపోయింది.

ఆ పొగలో ఎవరి మొగుడు వస్తున్నాడో కంటికి ఆనదు, చెవికే తెలుస్తుంది. ఒక్కో డ్రైవరుది ఒక్కో కూత. ఊరి బయట సిగ్నల్ దగ్గర అది వినబడగానే ఆ ఇంటావిడ స్నానానికి నీళ్ళు పొయ్యి మీద పెట్టేది. డ్రైవరు పోతే అతని కూతా పోయినట్టే. మరొకరు వేయకూడదు.

వెయిటింగ్ రూం ఆయా కష్టం అదే. మొగుడు పోయి ఏళ్ళయింది. ముఖం ఫొటోలో ఉంది, చొక్కా పెట్టెలో ఉంది. కూత మాత్రం ఎంత తడుముకున్నా దొరకడం లేదు. ఈ సాయంత్రం వచ్చేదే ఆఖరి ఆవిరి బండి. రేపటినుంచి అన్నీ డీజిల్ ఇంజన్లు, అన్నిటికీ ఒకటే గొంతు. ఆ ఆఖరి బండి నడిపేది ఎదురింట్లో ఉండే ఆమె మరిది. ఒకప్పుడు అన్న ఇంజన్లోనే బొగ్గు వేసినవాడు.

పొద్దున డ్యూటీకి బయల్దేరుతుంటే అడిగింది. "ఒక్కసారి మీ అన్న కూత వెయ్యవయ్యా."

"అమ్మో! పోయినవాళ్ళ కూత వేస్తే పట్టాల మీద ఎదురొస్తారంట వదినా."

"రానీ. నాలుగు చీవాట్లు పెట్టి పంపిస్తా."

నవ్వాడు గాని మాటివ్వలేదు.

"నేను వినిపిస్తా ఉండు," అని పక్కింటి పిన్ని మూతి సున్నాలా చుట్టి కూసింది.

"అది మీ కుక్కర్ కూత పిన్నీ!"

సాయంత్రం వెయిటింగ్ రూం బల్లలు తుడిచి ఆయా ఇల్లు చేరింది. పొగ నీలంగా దిగుతోంది. ఇళ్ళ వరస నీళ్ళలో తేలుతున్నట్టుంది. సిగ్నల్ దగ్గర రెండు పొట్టి కూతలు వినిపించాయి. మరిదివే. ఇక అంతే అనుకుంది.

అప్పుడు వచ్చింది ఇంకొకటి. పొడుగ్గా, బొంగురుగా సాగి, చివర్లో పైకి లేచింది, గుమ్మంలోంచి తొంగిచూసి "ఉన్నావా?" అన్నట్టు.

గోడ అవతల పిన్ని కేకేసింది. "అమ్మాయ్, మీ ఆయనొచ్చేశాడు, నీళ్ళు పెట్టు!"

అనేసి నాలిక కరుచుకుంది.

ఆయా లోపలికి చూసింది. పొయ్యి అప్పటికే మండుతోంది. దాని మీద నీళ్ళ బిందె ఉంది. ఎప్పుడు పెట్టిందో ఆమెకే తెలియదు.

మసి ముఖంతో మరిది గుమ్మం దగ్గర ఆగాడు. "తప్పు చేశానా వదినా?"

"నీళ్ళు కాగాయి. స్నానం చెయ్యి. రెండు చెంబులు మిగుల్చు."

"ఎవరికి?"

ఆమె అతని భుజం మీదుగా పొగలోకి చూసింది.

"ఎదురొస్తారన్నావుగా!"