మూడు తెల్ల గీతలు

దళారి రాకేశ్ లారీని వాకిట్లోంచే వెనక్కి పంపిన రోజున చెన్నబసప్ప మీసం మెలేయలేదు గానీ, అంత పనీ చేశాడు. జహీరాబాద్ చుట్టుపక్కల అల్లం రైతు దళారిని పొమ్మనడమంటే మాటలా? "మా ప్రియ వెబ్‌సైట్ కడుతున్నది. ఇగ రైతులే నేరుగ వచ్చి విత్తనం కొంటరు. నువ్వు ఫికర్ చెయ్యకు, పో" అన్నాడు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం! దళారిని పొమ్మన్నది ఆయనే అయినా గుండెల్లో రాయి పడింది మాత్రం కూతురు ప్రియదర్శినికి.

విత్తనానికని తవ్విన అల్లమంతా పందిరి కింద కుప్ప పోసి ఉంది. నాటే రోజులు దాటకముందే అది అమ్ముడుపోవాలి. ఒక్క దుంప మెత్తబడితే చాలు, పక్కదాన్నీ ముంచుతుంది.

ప్రియదర్శిని పేజీ పైన ముదురాకుపచ్చ పట్టీ ఒకటి పెట్టింది. అందులో వరసగా మాటలు: మొదటి పేజీ, మా అల్లం, పండించే తీరు, ఫోన్ నంబర్. ల్యాప్‌టాప్ మీద ఆ పట్టీ గుమ్మానికి కట్టిన తోరణంలా ముచ్చటగా ఉంది. ఫోన్లో చూస్తే మాటలు ఒకదాని మీదొకటి ఎక్కి కూర్చున్నాయి. తెలుగు మాటలు పొడుగాయె, ఫోను ఇరుకాయె. నానా తంటాలు పడి, తెర చిన్నదైతే మాటలన్నీ దాక్కుని, పట్టీ మూలన మూడు తెల్ల గీతలు మాత్రం కనబడేట్టు చేసింది. గీతల మీద వేలు పెడితే మాటలు కిందికి జారి వస్తాయి. లోకమంతా చేసేదే అది. తన ఫోన్లో నొక్కి చూసుకుంది. జారి వచ్చాయి. పిచ్చిదానిలా ఒక్కతే నవ్వుకుంది.

చెన్నబసప్ప ఆ లింకును చుట్టాలకు పంపాడు. వాళ్లు రాయికోడ్, బీదర్ వైపు తెలిసినవాళ్లకు, వాళ్లు మరొకరికి పంపారు. కొనేవాళ్లు ఆ చివర్న ఉన్నారు. ఫోను మాత్రం మోగలేదు.

ఎవరూ చూడటం లేదా అంటే, చూస్తున్నారు. వచ్చినవాళ్ల లెక్క ఆమెకు తెలుస్తూనే ఉంది. మొదటి పేజీకి వస్తున్నారు, కాసేపు ఉంటున్నారు, పోతున్నారు. ఒక్కరూ లోపలికి అడుగు పెట్టడం లేదు. గీతలు లావు చేసింది, మధ్యకు జరిపింది, ఇంకా తెల్లగా మెరిసేట్టు చేసింది. ఏం చేసినా అంతే. ఈలోగా అకాలపు వాన కొట్టింది, పందిరి కారింది. మర్నాడు కుప్పలోంచి వచ్చిన వాసనకు ఆమెకు ఏడుపొచ్చింది. తప్పెక్కడో తెలిస్తే దిద్దుకోవచ్చు. తప్పే కనబడకపోతే మనిషి ఏం చేస్తుంది?

"అప్పా, లింకు పంపినప్పుడు ఏం చెప్పినవ్?" అని అడిగింది చివరికి.

"మంచిగనే చెప్పిన" అంటూ ఆయన తన వాయిస్ మెసేజ్ వినిపించాడు.

"శరణు శరణార్థి! మా బిడ్డ కట్టిన వెబ్‌సైట్ ఇది. నంబరు గూడ అందులనే ఉన్నదట. పైన విభూతి పెట్టింది, దండం పెట్టుకోని చూడున్రి. జర పైలం, దాని మీద ఏలు తగలనియ్యకున్రి."

ప్రియదర్శిని తండ్రి నుదుటి వైపు చూసింది. పొద్దున పూజ చేసుకుని పెట్టుకున్న మూడు అడ్డగీతలు, తెల్లగా. శుభలేఖ మీద శ్రీకారం చుట్టినట్టు కూతురు దేవుడి గుర్తు పెట్టిందని మురిసిపోయాడాయన. లింకు వెంటే ఊళ్లు తిరిగిన పెద్దమనిషి మాట విని, రైతులందరూ కళ్లకద్దుకుని ఫోను జేబులో పెట్టుకున్నారు. తాను గీతలు లావు చేసిన కొద్దీ వాళ్ల భక్తి లావైందన్నమాట! కోపం తెచ్చుకుందామంటే ఎవరి మీద?

"అది విభూతి కాదప్పా. దాన్ని నొక్కాలె. నొక్కితెనే నంబరొస్తది."

"నువ్వు చెప్పలే, నేను అడగలే" అన్నాడు చెన్నబసప్ప నెమ్మదిగా.

గీతలు తీసేసి, ఆ చోట ఫోన్ నంబర్ పెద్ద అంకెల్లో పెట్టడానికి ఆమెకు అన్నం ఉడికేంత సేపు కూడా పట్టలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం ఎవరికైనా తేలికే. రాకేశ్‌ను బతిమాలితే, తడిసిన మాల్ తనకెందుకన్నాడు.

మధ్యాహ్నం ఫోను మోగింది. బీదర్ వైపు రైతు. విత్తనం కావాలి, ఇప్పుడే బండి మాట్లాడుకుని వస్తానంటున్నాడు. చెన్నబసప్ప ఫోను చెవి దగ్గరే ఉంచుకుని కుప్పలోంచి ఒక దుంప తీసి నొక్కాడు. గుజ్జు వేళ్ల సందుల్లోంచి కారింది. పైపైన బాగున్నవి ఏరి అమ్మేయొచ్చు, అమ్మేవాళ్లు లేకపోలేదు. ఆ మాట ప్రియదర్శిని నోటిదాకా వచ్చింది. తన తప్పు కప్పుకోవడానికి అంతకంటే దారి లేదు.

"లేదన్నా, విత్తనానికి పనికిరాదు. నీ చేను గూడ కరాబైతది" అన్నాడాయన. అవతలి మనిషి ఇంకేదో అడిగాడు. చెన్నబసప్ప గుజ్జంటిన వేళ్లు పంచెకు తుడుచుకున్నాడు. "ఔ, మా బిడ్డనే కట్టింది. మంచిగున్నది గదా?"

ప్రియదర్శిని అక్కడ నిలబడలేక లోపలికి వెళ్లి తలుపు దగ్గరకు వేసుకుంది. వాకిట్లో ఫోను మళ్లీ మోగింది. "లేదన్నా" అంటున్నాడు తండ్రి.