తొమ్మిదో గౌను

పాస్టరుగారు ఆ మాట మా కుట్టుకొట్లో, నా మిషను ముందే నిలబడి చెప్పారు.

"అమ్మా, వచ్చే ఆదివారం పాఠం ఇస్త్రీ ఆవిడ చదువుతుంది. పాటబృందంలో కూడా ఉంటుంది. తనకో గౌను కుట్టిపెట్టు."

నాకు ఒళ్ళు మండింది. లోకం పుట్టకముందే దేవుడు మనసులో దాచుకున్న రక్షణ ఏర్పాటు గురించిన పాఠం అది. ఎన్నో తరాలకు తెలియని ఆ మర్మం క్రీస్తులో బయటపడిందనీ, బయటివాళ్ళు కూడా ఇంటివాళ్ళతో సమాన వారసులేననీ చెబుతుంది. పన్నెండేళ్ళుగా ఏటా దాన్ని చదివేది నేనే. చూడకుండా అప్పజెప్పగలను. ఈవిడ మా మందిరం గుమ్మం తొక్కి నిండా ఏడు నెలలు కాలేదు. అంతకుముందు వీధి చివర ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడి, మా పాటలకు వెక్కిరింపు మాటలు కట్టి పాడిన మనిషి.

పైగా గొంతు బాగుంటుంది. అది మరీ మంట నాకు.

"గుడ్డ లేదండీ," అన్నాను పుల్ల విరిచినట్టు. అబద్ధమేం కాదు. బృందంలో ఎనిమిదిమందికీ ఒకటే వెన్నరంగు గుడ్డ. అది నేసిన మిల్లు ఎప్పుడో మూతపడింది. మొదటి ఏడు గౌన్లూ కుట్టిన మామయ్యగారు, నేను కోడలిగా వచ్చిన వారంలోనే ఎనిమిదోది నాకు కుట్టారు. తానులో చివరి ముక్క నాకోసమే అట్టేపెట్టారని ఊరంతా చెప్పుకున్నాను.

చేతులు వణుకుతున్నాయని మిషను నాకప్పగించి, మామయ్యగారు ఇప్పుడు మూల కూర్చుని బొత్తాలు ఏరుతుంటారు. తల ఎత్తకుండానే అన్నారు.

"గుడ్డ ఉందమ్మాయ్. గౌన్లన్నీ తెప్పించు. అంచుల్లో, పక్క కుట్లలో మడతలున్నాయి, విప్పు. నీది చివర్లో, అవసరమైతేనే."

"మడతలెప్పుడు పెట్టారు?"

"కత్తెర పట్టకముందే అనుకున్నాను. ఇంకా ఎవరో వస్తారని."

"ఒక్కరికీ చెప్పలేదే?"

"చెబితే మిగలనిస్తారా? ఒళ్ళొచ్చిందని ఎవరికి వాళ్ళు విప్పించుకునేవాళ్ళు."

పాస్టరుగారు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. నా గౌను అవసరమైతేనే అన్నారు కదా, ఆ మాటతో మాత్రం కాస్త ప్రాణం చల్లబడింది.

సాయంత్రం ఇస్త్రీ ఆవిడ కొలతలకు వచ్చింది. "అక్కా, నాకు చదవాలంటే భయంగా ఉంది. నువ్వు పక్కన నిలబడతావా?" అంది.  టేపు బిగించి పట్టి, ఛాతీ కొలత రెండంగుళాలు తగ్గించి రాసుకున్నాను. ఆదివారం అది ఒంటికి ఎక్కదు. చదవాల్సింది నేనే అవుతుంది. తప్పని తెలిసే రాశాను.

మర్నాడు ఏడు గౌన్లూ విప్పాను. లోపలి మడతల్లో గుడ్డ కొత్తదానిలా మెరుస్తోంది. బల్లమీద పరిచి చూస్తే, ఆ దొంగ కొలతకే మెడపట్టీ తక్కువైంది. మామయ్యగారు మధ్యాహ్నం కునుకు తీస్తున్నారు. ఇక తప్పక నా గౌను లైనింగు విప్పాను.

లోపల అన్నీ అతుకులు. ఒక్కో కుచ్చు వెనక ఒక్కో అతుకు. లెక్కపెడితే పద్నాలుగు ముక్కలు. వాటి అంచుల్లో పాత సూది రంధ్రాలు. పన్నెండేళ్ళు మిషను తొక్కినదాన్ని, ఎక్కడివో ఒకరు చెప్పాలా? ఆ ఏడు గౌన్ల మడతల్లోంచి అప్పట్లో కొంత కొంత కత్తిరించి తీసినవే. తానులో చివరి ముక్క అనేది అసలు లేనేలేదు.

మెడ వెనక మాత్రం ఒక మడత ఉంది. మెడపట్టీకి పోను, నేను కాజేసిన రెండంగుళాలకు కూడా సరిపోయేంత.

"విప్పావా?" మామయ్యగారు ఎప్పుడు లేచారో. "కొత్తగా వచ్చిన పిల్లవి, అతుకుల గౌనని చిన్నబుచ్చుకుంటావని చెప్పలేదు."

కొత్తగా వచ్చిన పిల్ల. పెళ్ళికి ముందు నేను ఏ మందిరం గడపా ఎక్కలేదు, ఒక్క పాటా ఎరగను. ఆ సంగతే మరిచిపోయాను. సిగ్గుతో మొహం ఎత్తలేకపోయాను.

కొలతల కాగితం చింపి, టేపు మెడలో వేసుకుని వీధి చివరికి నడిచాను. ఆవిడ ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టింది.

"నిన్న కొలిచావు కదక్కా?"

"కావాలనే తప్పు కొలిచాను," అన్నాను. "చేతులెత్తు."

ఆమె నా మొహంలోకి చూసి, చేతులెత్తింది.