అడ్డొచ్చిన చోటల్లా

"నువ్వు అడ్డొచ్చిన చోటల్లా కట్ చేసెయ్," అన్నారు మా ఆయన, తాగేసిన కాఫీ గ్లాసు నా కౌంటరు మీద పెట్టి. "ఆర్‌డబ్ల్యూ డిస్కులో వెయ్యి. అక్క చూసి ఏదైనా మార్చమంటే చెరిపి మళ్ళీ వెయ్యొచ్చు."

అత్తయ్య, మావయ్యల యాభయ్యో పెళ్ళిరోజు టేపు అది. ఆదివారం బంధువులొచ్చి చూస్తారు, తలా ఒక కాపీ పట్టుకెళ్తారు. షూటింగ్ ఆయనది. మిగిలిందంతా నాది, ఆ గ్లాసుతో సహా.

మా ముందుగది నా దుకాణం. ఖాళీ డిస్కులు అమ్ముతాను, జనం ఇళ్ళలో మూలపడ్డ టేపుల్ని డిస్కుల్లోకి ఎక్కించి ఇస్తాను. వచ్చినవాళ్ళని ముందు అడిగేది, ఇంట్లో ఏ ప్లేయర్ ఉందని. పాత ప్లేయర్లలో పేరు పక్కన మైనస్ గుర్తున్న డిస్కులు ఆడతాయి, ప్లస్ గుర్తున్నవాటిని అవి చాలావరకు కక్కేస్తాయి. డిస్కు మీద ఉత్త 'ఆర్' అని ఉంటే ఒకసారి రాయడమే. 'ఆర్‌డబ్ల్యూ' అయితే చెరిపి మళ్ళీ మళ్ళీ రాసుకోవచ్చు, అందుకే ఖరీదెక్కువ. ఏది రాసినా చివర్లో ఫైనలైజ్ మీట నొక్కి మూయాలి. మూయకపోతే రాసిన మెషిన్లో తప్ప ఇంకో ఇంట్లో ఆడదు. ఆర్ డిస్కుని ఒకసారి మూశాక అందులో కలపడానికీ తీయడానికీ ఏమీ ఉండదు. ఈ వ్యాపారంలో నా నియమం ఒకటే: టేపు ఎవరిదో వాళ్ళు చెబితే తప్ప ఒక్క ముక్క తీయను.

ఇంట్లో మాత్రం దీన్ని వ్యాపారమనరు. కాలక్షేపం అంటారు ఆయన. "కూర్చుని చేసే పనేగా" అంటారు ఆయన అక్క, మా వదిన. ఆ కూర్చుని చేసిన పనితోనే నేను కెమెరా కొన్నాను. కొన్న రోజు నుంచే అది ఆయన నోట "నా కెమెరా" అయింది. అప్పుడు దిద్దలేదు. దిద్దితే భోజనాల దగ్గర మాట పెరుగుతుంది, పెరిగిన మాట తగ్గించడం మళ్ళీ నా పనే.

పొయ్యి మీద కుక్కర్ పెట్టి, హెడ్‌ఫోన్లు తగిలించుకుని టేపు నడిపించాను. కెమెరా పట్టుకున్నవాళ్ళ గొంతు మైకుకి దగ్గర కాబట్టి అందరికన్నా గట్టిగా పడుతుంది. తీసేటప్పుడు ఇది ఎవరికీ గుర్తుండదు. నేను ట్రేతో ఎడమవైపు నుంచి వస్తాను. "జరుగు, నీ వీపే పడుతోంది." కుర్చీలు మోస్తూ కుడివైపు నుంచి వస్తాను. "అబ్బా, మళ్ళీ వచ్చింది." ఒక పెద్దాయన కెమెరాని తడిమి చూస్తాడు. "మంచి సరుకేరా. ఇంతకీ మీ ఆవిడేం చేస్తుంది?" "ఏం చేస్తుంది బాబాయ్, ఇంట్లోనే ఉంటుంది." ఇద్దరూ నవ్వుతారు. ఆ నవ్వుకి బొమ్మ ఊగుతుంది. ఈ మాటలు ఆ రోజు నాకు వినబడలేదని కాదు. చేతుల్లో ట్రే ఉంది. మాటల్ని ఎక్కడ దించుకోవాలో తెలియక అక్కడే వదిలేశాను.

చెప్పినట్టే తీయడం మొదలుపెట్టాను. కాసేపటికి చూస్తే, వడ్డించే చెయ్యి లేకుండానే పళ్ళేలు నిండుతున్నాయి, కుర్చీలు వాటంతటవే వస్తున్నాయి, ఎంగిలి గ్లాసులు మాయమవుతున్నాయి. ఆ ఇల్లు చూడ్డానికి ఎంత బాగుందో! ఆయనకి కావలసిన ఇల్లు అదే.

మావయ్య మాట్లాడే చోటు వచ్చింది. "యాభయ్యేళ్ళలో మా ఆవిడ నాకు ఒక్కసారి ఎదురు చెప్పలేదు," అంటారు. అందరూ చప్పట్లు. అప్పుడు అత్తయ్య కుర్చీ సర్దుతున్నది నేనే, బొమ్మలో సగం నేనే. తీసేయాల్సిన ముక్క. కానీ చప్పట్ల అడుగున ఇంకేదో గొంతుంది. వెనక్కి తిప్పి విన్నాను. అత్తయ్య తన ఒళ్ళోకి చూసుకుంటూ అంటోంది: "చెప్పనిస్తేగా."

"దుకాణం కట్టిపెట్టి వంట చూడు, మగవాడు వచ్చే వేళైంది" అని రోజూ లోపల్నుంచి కేకేసే అత్తయ్య. నాకు జాలి కలగలేదు, ఒళ్ళు మండింది. ఇంత తెలిసిన మనిషికి నా మీద ఆ కేకలెందుకు? కానీ నన్ను తీసేస్తే ఆ మాటా పోతుంది. మళ్ళీ ఎప్పుడంటుందో, అసలు అంటుందో లేదో.

తీసినవన్నీ తిరిగి పెట్టేశాను. అంత టేపు ఒక్క డిస్కులో పట్టాలంటే బొమ్మ నాణ్యం తగ్గించాలి. తగ్గించాను. బొమ్మ కొంచెం మసకేసింది, గొంతులకేం కాలేదు. ఆర్‌డబ్ల్యూ పక్కన పెట్టి, ఉత్త ఆర్ డిస్కు ఎక్కించాను. రాయడం అయ్యాక, మూసే మీట మీద వేలుంచి ఆగాను. వంటింట్లోంచి అత్తయ్య కేక వచ్చింది. నొక్కాను.

మిగతా కాపీలూ అలాగే రాసి మూసి, ఆదివారం గుమ్మం దగ్గరే ఎవరి కాపీ వాళ్ళ చేతికిచ్చేశాను. హాల్లో డిస్కు వేశాక మొదట్లో అందరూ నవ్వారు. "ఏరా, కెమెరా పట్టావా, రేడియో పెట్టావా?" అన్నారు వదిన. "బాబాయ్, ఇంట్లోనే ఉంటుంది" దగ్గర నవ్వు పలచబడింది. ట్రేలు, కుర్చీలు, నా వీపు, ఆయన గొంతు. ఎవరో దగ్గారు. మావయ్య మాట వచ్చింది, చప్పట్లు వచ్చాయి, టీవీ శబ్దం నేను కాస్త పెంచాను.

"చెప్పనిస్తేగా."

"ఏమంది? ఆపండ్రా దాన్ని!" అన్నారు మావయ్య.

మా ఇంట్లో రిమోట్ ఎప్పుడూ మావయ్య చేతి కిందే ఉంటుంది. అత్తయ్య వంగి అది తీసుకుంది, అటూ ఇటూ తిప్పి చూసి నన్ను పిలిచింది. "వెనక్కి పోవాలంటే ఏది నొక్కాలే?"

చూపించాను. నొక్కింది.

మా ఆయన నన్ను ముందుగదిలోకి రమ్మని సైగ చేశారు. ముఖం కందిపోయింది. "ఆర్‌డబ్ల్యూలో వెయ్యమన్నానుగా? కాపీలన్నీ వెనక్కి తీసుకో. చెరిపి మళ్ళీ వెయ్యి."

"కుదరదు. మూసేశాను."

"ఎవర్నడిగి?"

కౌంటరు మీద ఆయన తాగేసిన గ్లాసు మళ్ళీ ఉంది. తీసి ఆయన చేతిలో పెట్టాను.

"కెమెరా నాది, టేపు నాది, డిస్కు నాది. మాటలు మాత్రమే మీవి. వాటిని నేను ముట్టుకోలేదు."